తడిక వెనక నాలుగు ముక్కులు

ఏ అడవి అని మాత్రం అడక్కండి. చెబితే ఆ అడవివాళ్ళంతా కట్టకట్టుకుని మా ఇంటికొస్తారు, మా పరువు తీశావేంటని. ఏదో ఒక అడవి అనుకోండి, చాలు. మధ్యలో వాగు. వాగుకి ఇటు ఒడ్డున మూడు పెద్ద గాదెలు. వానాకాలంలో ఏరుకున్న గింజలన్నీ ఆ గాదెల్లో పోసుకుని, ఎండాకాలమంతా అడవి అడవంతా వాటి మీదే బతుకుతుంది.

ఆ అడవిలో రెండు మొక్కులున్నాయి. తెల్లారగానే తూర్పుకు తిరిగి సూర్యుడికి తల వంచేవాళ్ళు పొద్దుమొక్కులోళ్ళు. సాయంత్రం గాలి తిరిగే వేళ కళ్ళు మూసుకుని గాలికి మొహం పట్టి నిలబడేవాళ్ళు గాలిమొక్కులోళ్ళు. వీళ్ళు తొమ్మిది రోజులకోసారి గాలిపస్తు ఉంటారు. ఆ రోజు సాయంత్రం గాలి వీచేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. వాగుకి ఇటు ఒడ్డున పొద్దుమొక్కులోళ్ళు సగం, అటు ఒడ్డున గాలిమొక్కులోళ్ళు సగం. అందరూ ఒకే వాగు నీళ్ళు తాగేవాళ్ళు, ఒకరి మొక్కు ఇంకొకరికి అడ్డొచ్చింది లేదు. పేచీ అంతా కొలువుల దగ్గరే వచ్చింది.

గాదెలకు పెద్ద, గేదె నిమ్మళమ్మ. దున్నపోతు మీద వాన పడ్డట్టు అంటారే, ఆమెను చూసి అందరూ అదే అనుకునేవాళ్ళు. ఏం చెప్పినా కళ్ళు సగం మూసి నెమరేస్తూ వినేది. అయితే ఆమె గడ్డినే కాదు, మాటనీ నెమరేసేది. చెప్పిన మాట మనం మర్చిపోయిన రెండు రోజులకి తీరిగ్గా తలెత్తి, "అలా ఎందుకని?" అనేది. ఆ రెండు మాటలకి అడవిలో సగంమందికి చెమటలు పట్టేవి.

ఆ సగంమందిలో మొదటివాడు నక్క కిటుకయ్య. గాదెల దగ్గర ఎవరిని పనిలో పెట్టుకోవాలో తేల్చేది అతనే.

కిందటి వానల్లో రెండో గాదె అడుగున బూజు పట్టింది. ఎవరూ పసిగట్టలేదు. పిల్లలకి కడుపునొప్పులొచ్చాక గానీ తెలియలేదు. అందుకని ఈసారి కొత్తగా ఒక వాసన కొలువు పెట్టాలనుకున్నారు. రోజూ పొద్దున్నే మూడు గాదెల చుట్టూ తిరిగి వాసన చూసి, గింజ ఎక్కడ పాడవుతోందో చెప్పాలి. ఆ పని చేసినవాళ్ళ ఇంటికి ఎండాకాలమంతా తిండికి లోటుండదు.

"ఎవరినో ఒకరిని చూస్తాన్లెండి అమ్మా," అన్నాడు కిటుకయ్య. అతని మనసులో ఆ ఎవరో ఒకరు అప్పటికే ఉన్నాడు. అక్క కొడుకు బొజ్జప్ప. వాడికి తిండి వాసన తప్ప ఇంకో వాసన తెలియదు.

నిమ్మళమ్మ కాసేపు దవడలాడించింది.

"కిటుకయ్యా, మన గాదెల దగ్గర పదకొండుమంది పనిచేస్తున్నారు కదా."

"అవునమ్మా."

"పదకొండుమందీ మన పొద్దుమొక్కులోళ్ళే. అలా ఎందుకని?"

"వాళ్ళు రారమ్మా."

"ఎందుకు రారు?"

"వచ్చినా నిలవరు."

"నిలవరని ఎలా తెలిసింది? ఎవరినైనా పెట్టి చూశావా?"

కిటుకయ్య గొంతు సవరించుకున్నాడు. "పెట్టి చూడాలా అమ్మా? పస్తులుండేవాళ్ళు నీరసపడిపోరూ? పైగా మనలో కలవరు. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకు చెప్పండి. వాళ్ళెవరూ వచ్చి ఇది అన్యాయమని మిమ్మల్ని అడగలేదు కదా."

"నిజమే, అడగలేదు," అంది నిమ్మళమ్మ. "కందకి దురదుందో లేదో కందనే అడిగితే పోలా?"

అని లేచి, తాపీగా వాగు దాటి అటు ఒడ్డుకు వెళ్ళింది. ఆమె ఆ ఒడ్డుకు వెళ్ళడం అదే మొదటిసారి. గాదెలకు పెద్దయి ఆరేళ్ళయింది మరి. ఈ సంగతి నేను ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

అటు ఒడ్డున బండల మధ్య ఎలుగుబంటి తేనమ్మ కాపురం. ఇద్దరు పిల్లలు. ఆ ఏడు పుట్టలెండిపోయి చెదలు దొరకలేదు. తేనెపట్లూ అంతంతమాత్రమే, గాదెల్లోంచి వంతుకొచ్చే గింజలు పిల్లలకే చాలవు. గేదె గుమ్మంలోకొచ్చి నిలబడేసరికి తేనమ్మ కంగారుపడి పిల్లల్ని వెనక్కి లాక్కుంది.

"భయపడకమ్మా. ఒక్క మాట అడుగుదామని వచ్చాను. మా గాదెల దగ్గర పనికి మీ వాళ్ళెవరూ రారట. ఎందుకని?"

తేనమ్మ ఆమె మొహం కేసి చాలాసేపు చూసింది, వెటకారమా నిజంగానే అడుగుతోందా అని.

"నేను నాలుగుసార్లొచ్చానమ్మా. మొదటిసారి కిటుకయ్యగారు పేరడిగారు. చెప్పగానే ఖాళీ లేదన్నారు. రెండోసారి పేరడగలేదు, వాగుకి ఏ ఒడ్డున ఉంటావన్నారు. మూడోసారి అదీ అడగలేదు. సాయంత్రం పూట ఏం చేస్తుంటావని అడిగారు."

"నాలుగోసారి?"

"అందరితో కలిసిపోగలవా అన్నారు."

"అంటే?"

"నాకూ అర్థం కాలేదమ్మా. నేను కలవాల్సింది గింజలతో కదా అనుకున్నాను."

నిమ్మళమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటే సిగ్గేసింది.

"ఇప్పుడు వాసన కొలువొకటి ఉంది. వస్తావా?"

"మళ్ళీనా?" తేనమ్మ పిల్లల వైపు చూసింది. "మీతో దాపరికమెందుకు? ఈ నెలలో ఏదో ఒక పని దొరక్కపోతే పిల్లల్ని తీసుకుని కొండ దాటిపోవడమే. అవతల నీళ్ళున్నాయో లేదో కూడా తెలీదు. నాకు భయంగా ఉందమ్మా."

"వాసన బాగా తెలుస్తుందా నీకు?"

తేనమ్మ ముక్కు పైకెత్తింది. "పొద్దున మీరు జొన్నచొప్ప తిన్నారు. మెడ కింద చిన్న పుండుంది, మానుతోంది. మీ వెనక ఆ బండ చాటున తాబేలొకాయన ఉన్నాడు, ఇందాకట్నుంచీ."

బండ చాటునుంచి తాబేలు మెల్లయ్య తల బయటపెట్టాడు. "పెద్దమ్మ ఒక్కతే వెళ్తోంది కదా అని వెంట వచ్చాన్లే," అన్నాడు మొహమాటంగా. అతను గాదెల దగ్గర తాళాలు చూసుకునే ముసలాయన.

తిరిగొచ్చే దారంతా గేదె నెమరేస్తూనే ఉంది. వాగు దాటాక ఆగింది.

"మెల్లయ్యా, పేరు చెబితే మొక్కు తెలిసిపోతుంది. ఒడ్డు చెప్పినా తెలిసిపోతుంది. గొంతు విన్నా తెలిసిపోతుంది. ఇవేవీ తెలియకుండా ముక్కొక్కదాన్నే చూడాలంటే ఎలా?"

"తడికలు కట్టిద్దాం పెద్దమ్మా," అన్నాడు తాబేలు.

అలా ఏర్పాటయింది. ఒక్కొక్కరికి ఒక్కో తడికల గది. గదికి గుర్తుగా ఒక ఆకు. ఎవరికి ఏ ఆకో వాగొడ్డున మెల్లయ్య ఇస్తాడు. ఆ వేళకు కిటుకయ్య అటు రాకూడదు. గదిలో అయిదు ముంతల గింజలుంటాయి. ఒక ముంతలో మాత్రం అడుగున బూజు గింజలు, పైన మంచివి. వచ్చినవాళ్ళు నోరెత్తకుండా వాసన చూసి, బూజున్న ముంతలో ఒక రాయి వేసి, అన్ని ముంతల మీదా మూతాకులు కప్పి బయటికి రాకుండా అక్కడే కూర్చోవాలి. ఆ తర్వాత ముంతలు కుమ్మరించి చూస్తారు.

"బ్రహ్మాండం అమ్మా. ఇలాంటి బుర్ర మీకు తప్ప ఎవరికుంటుంది?" అన్నాడు కిటుకయ్య. "ముంతలు నేను సర్దిపెడతాను. మంచి రోజు కూడా నేనే చూస్తాను."

గేదె సరేనంది. అక్కడే ఆమె కాస్త ఏమరింది.

కిటుకయ్య ఇంటికెళ్ళి బొజ్జప్పను పిలిచాడు. "ఒరే, అన్ని గదుల్లోనూ మూడో ముంతలోనే బూజు పెడతాను. నువ్వు వాసన గీసన చూసి తికమకపడొద్దు. మూడో ముంతలో రాయి వేసి నోర్మూసుకుని కూర్చో."

"సరే మామయ్యా."

అయినా నక్కకు నిద్రపట్టలేదు. బొజ్జప్పకు జవాబు తెలుసు, బాగానే ఉంది. ఎలుగుబంటి కూడా కనిపెడితే? ఇద్దరిదీ ఒప్పయితే గేదె మళ్ళీ పరీక్ష పెడుతుంది, అప్పుడు వీడి బండారం బయటపడుతుంది. ముందే గాలిమొక్కులోళ్ళను ఏరి పక్కన పెట్టాలి. పేరు లేదు, గొంతు లేదు, ఎలా ఏరడం? ఆలోచించి ఆలోచించి చివరికి తనలో తనే నవ్వుకున్నాడు.

పరీక్ష రోజు సరిగ్గా గాలిపస్తు నాడు పెట్టాడు. గేదెకు ఆ లెక్క తెలియదు. పెళ్ళాం చేత ఇప్పపువ్వు దంచి, బెల్లం కలిపి, గుప్పెడేసి ఉండలు చేయించాడు. "పాపం దూరాన్నుంచొస్తారు, నోరు తీపి చేసుకోనివ్వండి," అని గదికొకటి పెట్టాడు. ఆ ఉండ ఎవరి గదిలో మిగిలితే వాళ్ళు పస్తున్నట్టే. పస్తున్నారంటే గాలిమొక్కే. ఎంత తేలిక!

ఆ పొద్దున వాగొడ్డుకు అయిదుగురొచ్చారు. తేనమ్మ, ముళ్ళపంది ముళ్ళక్క, ముంగిస చురుకన్న, దుప్పి బెదురమ్మ, బొజ్జప్ప. మొదటి ఇద్దరిదీ గాలిమొక్కు, తక్కిన ముగ్గురిదీ పొద్దుమొక్కు. కిటుకయ్య దూరాన్నుంచి అయిదుగురినీ లెక్కపెట్టుకుని గాదెల వైపు వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళగానే ముళ్ళక్క వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి?" అంది తేనమ్మ.

"ఇంటికి వదినా. ఇవాళ పరీక్ష పెట్టారంటేనే తెలియట్లా? మనకు రాదులే. తిండి లేని రోజు ఈ ఎండలో నాకెందుకొచ్చిన శ్రమ?"

"నేనూ అదే అనుకున్నా. కానీ పిల్లల మొహం చూస్తే కాలు వెనక్కి పడలేదు."

ముళ్ళక్క వెళ్ళిపోయింది. మెల్లయ్య నలుగురికే ఆకులిచ్చాడు. తేనమ్మకు తంగేడాకు, బొజ్జప్పకు టేకాకు, ముంగిసకు వేపాకు, దుప్పికి మోదుగాకు.

తేనమ్మ గదిలోకి అడుగుపెట్టగానే ఇప్పపువ్వు వాసన గుప్పుమంది.  మూలనున్న ఆ ఉండ మీద మూతాకొకటి కప్పి, అటు వీపు పెట్టి కూర్చుంది. ఊపిరి నిదానించాక ఒక్కో ముంతా వాసన చూసింది. మూడో ముంత దగ్గర ఆగింది. వెళ్ళి మళ్ళీ వచ్చింది. రాయి అందులోనే వేసింది.

ముంతలు తెస్తానని కిటుకయ్య గదులన్నీ చుట్టి వచ్చాడు. ఎవరు కూర్చున్నారో తడిక చాటున కనిపించదు గానీ, ఉండ పెట్టిన మూల మాత్రం కనిపిస్తుంది. వేపాకు గదిలో ఉండ లేదు. మోదుగాకు గదిలో లేదు. టేకాకు గదిలో ఉంది, తంగేడాకు గదిలో ఆకు కప్పి ఉంది. అయిదో గదిలో ముంతల మీద మూతాకులు కప్పనేలేదు, అంటే ఎవరో ఒకరు వెళ్ళిపోయారన్నమాట. ఆ ఖాళీ గది వదిలేస్తే ఉండలు రెండు మిగిలాయి కాబట్టి గాలిమొక్కులోళ్ళు ఇద్దరూ ఉన్నారు, వెళ్ళింది దుప్పో ముంగిసో అయ్యుంటుంది. లెక్క కుదిరిందనుకున్నాడు.

"అమ్మా, టేకాకూ తంగేడాకూ, ఈ ఇద్దరూ తప్పు చెప్పారు," అన్నాడు గేదె దగ్గరకొచ్చి. "వాళ్ళ ముంతలు వాగులో పారబోయిస్తాను. మిగతావి చూద్దాం."

గేదె దవడలాగాయి.

"మూతలు తీశావా?"

"తీయక్కర్లేదమ్మా. ఇన్నేళ్ళ అనుభవం."

"మూత తీయకుండా అనుభవం లోపలికెలా తొంగిచూసింది?"

"అది... కొన్ని చూడగానే తెలిసిపోతాయమ్మా."

"నాకు తెలియట్లేదు, అందుకే అడుగుతున్నా. మెల్లయ్యా, నాలుగు గదులవీ తెచ్చి నా ముందు కుమ్మరించు."

కిటుకయ్య గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. తాబేలు తన పద్ధతిలో తాను, ఒక్కో ముంతా కుమ్మరించాడు. వేపాకువాళ్ళ రాయి మొదటి ముంతలో ఉంది. అందులోవి మంచి గింజలు. మోదుగాకువాళ్ళ రాయి అయిదో దాంట్లో ఉంది. అందులోవీ మంచివే. టేకాకువాళ్ళ రాయి మూడో ముంతలోంచి పడింది, దాంతో పాటే నల్లటి బూజు గింజలు. తంగేడాకూ అంతే.

"చిత్రంగా ఉందే," అంది నిమ్మళమ్మ. కోపంగా అనలేదు, నిజంగానే వింతపడి అంది. "సరిగ్గా చెప్పింది ఇద్దరు. ఏరి మరీ ఆ ఇద్దరినే తప్పన్నావు. కళ్ళు మూసుకుని రాళ్ళు విసిరితే ఒకటైనా గురి తప్పుతుందే. ఇంత కచ్చితంగా ఎలా కుదిరింది కిటుకయ్యా?"

నక్క నోరు తెరిచేలోగా టేకాకు గది తడిక ధడాలున కిందపడింది. బొజ్జప్ప బయటికొచ్చాడు.

"అదేంటి మామయ్యా? మూడోదన్నావు, మూడోదాంట్లోనే వేశాను. మళ్ళీ నువ్వే తప్పంటావేంటి?"

కిటుకయ్య గబుక్కున వాడి వైపు తిరిగాడు. ఆ తొట్రుపాటులో అనకూడని మాటే అనేశాడు. "నువ్వా? మరి ఉండ ఎందుకు తినలేదురా?"

"పొద్దున అత్తయ్య చేస్తుంటే పక్కనే కూర్చుని తొమ్మిది తిన్నా. ఇంకెక్కడ పడుతుంది?"

ఎవరూ నవ్వలేదు. నాకైతే ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడక్కడ అందరూ గేదె మొహమే చూస్తున్నారు.

"ఉండ తినకపోతే ఏమవుతుంది?" అంది నిమ్మళమ్మ.

"ఏం లేదమ్మా, ఊరికే..."

"ఇవాళ గాలిపస్తు పెద్దమ్మా," అన్నాడు మెల్లయ్య నెమ్మదిగా.

గేదె తంగేడాకు గది వైపు చూసింది. తేనమ్మ తడిక పక్కకు జరిపి నిలబడింది. మూలనున్న ఉండ మీది ఆకు కూడా కదల్లేదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నాకు తెలియలేదమ్మా," అంది గేదె ఆమెతో. "తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆరేళ్ళుగా అదీ నా తప్పే."

ఈలోగా ముంగిస చురుకన్న తడిక దూకి వచ్చాడు. కోపంతో మండిపోతున్నాడు. "నా సంగతేంటి కిటుకయ్యా? ఆ ఉండ తిన్నాక అయిదు ముంతలూ ఇప్పసారా వాసనే వేశాయి. నేనూ నీలాగే పొద్దుకే మొక్కుతాను కదా. వాళ్ళను తీసేయడానికి నా ముక్కెందుకు పాడుచేశావు?"

 నక్క గేదె దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. మనలో మన మాట, నలుగురిలో ఎందుకు?"

"కాళ్ళ మీద పడితే కడుక్కుంటాను," అంది నిమ్మళమ్మ. "గాదెకు బూజు పడితే ఏం కడుక్కోను? కిందటేడు కడుపునొప్పితో ఏడ్చిన పిల్లల్లో నీ మొక్కు పిల్లలెవరో, వాళ్ళ మొక్కు పిల్లలెవరో చెప్పగలవా?"

నాలుగు రోజులాగి మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆ రోజు ఎవరికీ పస్తు కాదని రెండు ఒడ్డులా అడిగి మరీ పెట్టారు. ముంతలు మెల్లయ్య సర్దాడు, ఒక్కో గదిలో బూజు ఒక్కో చోట. ఉండలూ లేవు, గిండలూ లేవు. గేదె తనే వాగు దాటి ముళ్ళక్కను పిలుచుకొచ్చింది. బొజ్జప్ప రాలేదు. ఏ ముంతో చెప్పేవాళ్ళు లేరు కదా.

ఈసారి ఆకులు కూడా మార్చి మూడుసార్లు పెడితే, సీతాఫలం ఆకు వచ్చినవాళ్ళు మూడుసార్లూ సరిగ్గా చెప్పారు. తడిక తీస్తే తేనమ్మ. వేరే ఆకులో రెండుసార్లు సరిగ్గా చెప్పింది చురుకన్న. తేనమ్మకు కొలువిచ్చారు, ఆమెకు తోడుగా చురుకన్నను పెట్టారు. ముళ్ళక్కది ఒక్కటే ఒప్పయింది. "పోనీలే, ఈసారి కొలువు ఎందుకు రాలేదో నాకు తెలుసు," అని తృప్తిగా ఇంటికెళ్ళింది. ఆ మాట నాకెంతో నచ్చింది.

మర్నాడు పొద్దున తేనమ్మ మొదటి రెండు గాదెల చుట్టూ తిరిగి, మూడో గాదె దగ్గర ఆగి, "అడుగున పడమటి మూల చెమ్మ తగులుతోంది, ఇవాళే తీసి ఎండబెట్టండి," అంది. తవ్వి చూస్తే నిజమే. సాయంత్రం ఆమె గాలికి మొహం పట్టి నిలబడితే ఇద్దరు పిల్లలూ ఆమె కాళ్ళ దగ్గర గింజలు నములుతూ కూర్చున్నారు. కొండ దాటాల్సిన పని లేకపోయింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

కిటుకయ్య కొలువు ఊడింది. వానలొచ్చి తేనెపట్లు మళ్ళీ నిండేదాకా ఇంట్లో కూర్చుని, ఇక లాభం లేదని వాగు దాటి అటు ఒడ్డున గాలిమొక్కులోళ్ళు తేనె దాచే అటకల దగ్గరికి పని అడగడానికి వెళ్ళాడు. అక్కడి పెద్ద ఒక ముసలి ఉడుము. తల కూడా ఎత్తకుండా అడిగింది.

"దేనికి మొక్కుతావు?"

కిటుకయ్యకు ఒళ్ళు మండిపోయింది. "అదేం ప్రశ్నండీ? నేను దేనికి మొక్కితే మీకెందుకు? తేనె పనికీ దానికీ ఏమిటి సంబంధం? అన్యాయం కదండీ ఇది!"

ఉడుము అప్పుడు తలెత్తింది.

"ఏ సంబంధమూ లేదు నాయనా. అది అన్యాయమని నీ నోటితో నువ్వే అంటే వినాలని అడిగానంతే. లోపలికి రా, తడిక కట్టే ఉంది."

తడిక వెనక కూర్చోబెట్టి మంచి తేనె, పులిసిన తేనె ముందు పెట్టారు. ఎవరూ పేరడగలేదు, ఒడ్డు అడగలేదు. కిటుకయ్య రెండూ నాకి, పులిసిందాన్నే మంచిదన్నాడు. అన్నేళ్ళూ వచ్చినవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చూడ్డమే గానీ, ఏ పనీ చేతులారా నేర్చుకున్న పాపాన పోలేదు మరి.

నీతి: ముక్కు పనికి ముక్కును చూడాలి గానీ, మొక్కును చూడకూడదు.